గాలిలో కొలిచిన వెలుతురు

జనవరి 9

చిరంజీవి కోడలు పిల్లకి,

ఆశీస్సులు. నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేద్దామంటే మనిద్దరి సంగతీ తెలిసిందే. "బాగున్నారా" అని నువ్వు, "బాగున్నాం" అని నేను. ఆ తర్వాత ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చోవడమే. పోయినసారి అలా కూర్చుంటే, షాపులో కళ్ళజోడు కోసం వచ్చినావిడ విసుగెత్తి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ "మాట్లాడకుండా ఫోనెందుకండీ" అని ఒక చురక కూడా వేసింది. అందుకే ఈ ఉత్తరం.

మీ అత్తయ్య ఉందంటే ఉంది. వండుతుంది, తింటుంది, పడుకుంటుంది. ఆగస్టులో ఆ లారీ ప్రమాదం మన అబ్బాయిని తీసుకుపోయినప్పటి నుంచీ ఇంతే. మాట్లాడేది పొద్దున ఒక్కసారి. వాడు పోయిన ఏడాది తెచ్చిచ్చిన పెట్టె గుర్తుందా? పెట్టెలో గోరంత నల్లటి బిళ్ళ, దానికి తీగలు, పైన ముల్లున్న మీటరు. "అమ్మా, ఇది వెలుతుర్ని చూస్తుంది" అని చెప్పి ఇచ్చాడు. ఆవిడ దాన్ని కిటికీ గట్టు మీద పెట్టుకుంది. పొద్దున్నే కిటికీ తలుపులు బార్లా తీస్తుంది. ముల్లు లేస్తుంది. "వాడు లేచాడు" అంటుంది. ఆ రోజుకి మాటలు అయిపోయినట్టే. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట వినకపోతే షాపు తీయబుద్ధి కాదు.

అసలు సంగతికొస్తాను. మీ లేబొరేటరీ నుంచి కార్డు వచ్చింది. ఏప్రిల్లో వార్షిక సభట. వాడు చేసిన పని గురించి చెప్పి, పేరు చదివి, అందరూ లేచి నిలబడతారట. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెడతారట. నేను వెంటనే వెళ్ళి కోటు కుట్టించుకున్నాను. దర్జీ "ఎవరి పెళ్ళి సార్?" అన్నాడు. "పెళ్ళి కాదయ్యా, మా అబ్బాయి సభ" అన్నాను. వాడు లేడని చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? భుజాలు కాస్త వదులుగా వచ్చాయి గానీ పరవాలేదు.

రెండు ముక్కలైనా రాయి.

మీ మామయ్య

జనవరి 21

మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. రాయడానికి ఏమీ లేక కాదు, ఏది రాసినా వేరే ఎవరి గురించో రాస్తున్నట్టుంది. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను. రుచి తెలియట్లేదు, అలాగని తినకుండా ఉండనూ లేదు. మొన్న టీలో పంచదార వేశానో లేదో తెలియక సగం తాగి చూశాను. అప్పటికీ తెలియలేదు.

లేబొరేటరీలో ఇదివరకు నా పని ఫర్నేస్ దగ్గరే కదా. పొడుగాటి గాజు గొట్టంలో గ్యాస్ పంపి కాలిస్తే, లోపలి పలక మీద మసి పట్టినట్టు కార్బన్ నానోట్యూబులు పెరుగుతాయి. ఒక వెంట్రుకని నిలువునా కొన్ని కోట్ల పోగులుగా చీలిస్తే వచ్చే పోగంత సన్నం. నేను పెంచి ఇస్తే, మీ అబ్బాయి వాటిని పల్చటి పొరగా పరిచి, రెండు కొసలకీ తీగలు కలిపి, వెలుతురు వేసి కొలిచేవారు. చీకట్లో కరెంటు ఒకలా, వెలుతుర్లో ఇంకోలా. ఆ తేడా ఎవరికీ రానంత ఎక్కువ ఆయనకి వచ్చింది. ఆయన సైన్సు పత్రికలో రాసిన వ్యాసం అదే. ఇప్పుడు ఆ కొలిచే బల్ల దగ్గర కూడా నేనే కూర్చుంటున్నాను. ఆయన కుర్చీ ఎత్తు దించలేదు. కాళ్ళు నేలకి ఆనవు.

ఒక చిక్కొచ్చింది. బయట ఎవరో ఇదే పని చేసి చూశారట, వాళ్ళకి రాలేదట. రాలేదని ఆ వ్యాసం వేసిన పత్రికకి రాసేశారు. పత్రికవాళ్ళు మా పెద్దసారుని అడిగారు. ఆయన నన్ను మళ్ళీ కొలవమన్నారు. వస్తే వ్యాసం నిలుస్తుంది. రాకపోతే వెనక్కి తీసుకోవాలి. అప్పుడు ఏప్రిల్ సభలో చదవడానికి ఏమీ ఉండదు. అత్తయ్యకి ఇప్పుడే చెప్పకండి.

ఒక్కటి అడుగుతాను. కిటికీ తీయగానే ముల్లు లేస్తుందా, లేక ఆగి లేస్తుందా? ఆ పెట్టెలో ఉన్నది మొదటిసారి చేసిన పొర. అలాంటిది మా దగ్గర ఇంకొకటి మిగల్లేదు. కాస్త చూసి రాయండి.

మీ కోడలు

ఫిబ్రవరి 3

చిరంజీవి కోడలు పిల్లకి,

ఆశీస్సులు. ఎవరికో రాలేదంటే మనం కంగారు పడాలా? వాళ్ళకి చేతకాలేదేమో. నేను ఇచ్చిన అద్దాల్లోంచి ఏమీ కనపడటం లేదని ఒకాయన వారం రోజులు నా ప్రాణం తోడేశాడు. చూస్తే వాళ్ళావిడ కళ్ళజోడు పెట్టుకుని తిరుగుతున్నాడు. కాబట్టి నువ్వు దిగులు పెట్టుకోకు.

నీ ఉత్తరంలో పెట్టె సంగతి మాత్రం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. తక్కింది మింగేశాను. ఆవిడ మొహం మాడ్చుకుని "పెట్టె పంపించమని సూటిగా అడగలేక డొంకతిరుగుడుగా అడుగుతోంది" అంది. కాదన్నా వినదే! రెండు రోజులు దాన్ని కొంగుచాటున పెట్టుకుని తిరిగింది. చివరికి "చూసి రాయమంది, పంపమనలేదు" అని నేను ఒట్టేసి చెప్తే గట్టు మీదకి చేరింది. నువ్వు మాత్రం పంపమని అడక్కు తల్లీ. ఈ ఇంట్లో వాడిది అంటూ కదిలేది అదొక్కటే.

ఇక మా రిపోర్టు. రోజూ పొద్దున ఇద్దరం చెరో స్టూలు వేసుకుని కిటికీ ముందు కూర్చుంటున్నాం. ఆవిడ తలుపులు తీస్తుంది, నేను ముల్లు చూస్తాను. తీయగానే కదలదు. మెల్లిగా బయలుదేరుతుంది. టీ పెట్టుకుని, తాగి, కప్పులు కడిగి వచ్చేసరికి పైకి చేరి ఉంటుంది. సాయంత్రం తలుపులు మూసినా అంతే, దిగడానికి దానికి తొందరేం లేదు, మా భోజనాలు అయ్యాక కూడా ఇంకా దిగుతూనే ఉంటుంది. ఒకరోజు కాదు, రోజూ ఇదే. "ఎంత నిదానమో చూడండి, అచ్చం వాడే, బడికి లేపితే ఇలాగే లేచేవాడు" అని మీ అత్తయ్య నవ్వింది. నవ్విందమ్మాయ్! నేను స్టూలు మీదనుంచి పడినంత పనయింది.

నీకు ఈ వివరం ఎందుకో నాకు తెలియదనుకోకు. వ్యాసం నిలవాలంటే సాక్ష్యం కావాలి. మేమిద్దరం సాక్షులం. ఎవరు వచ్చి అడిగినా చెప్తాం. కావాలంటే సంతకాలు పెట్టి పంపిస్తాం.

మీ మామయ్య

ఫిబ్రవరి 15

మామయ్య గారికి నమస్కారాలు.

మీరు రాసింది చదివి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎలా చెప్పినా ఒకటే కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

వెలుతురికి అంత ఆలస్యం ఉండదు మామయ్యా. ఆ పొర నిజంగా వెలుతుర్నే పట్టుకుంటే, మీరు తలుపు తీసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే ముల్లు పైకి చేరాలి. మెల్లిగా లేస్తోందంటే అక్కడ జరుగుతున్నది ఇంకేదో. గాలిలో ఉండే ఆక్సిజన్ నానోట్యూబులకి అంటుకుని ఉంటుంది. వెలుతురు పడితే అది కొంచెం కొంచెంగా ఊడిపోతుంది. చీకటి పడితే మళ్ళీ కొంచెం కొంచెంగా వచ్చి అంటుకుంటుంది. కరెంటు మారేది అందువల్ల. మేం కొలిచింది ఆ రాకపోకల్ని.

ఇది అనుమానం కాదు. ఈ వారం పొరని స్టీలు డబ్బాలో పెట్టి, పంపుతో గాలంతా లాగేసి, వేడి చేసి, అప్పుడు వెలుతురు వేశాను. కదల్లేదు. గాలి వదిలాను, కదిలింది. మళ్ళీ లాగేశాను, కదల్లేదు. అసలు వెలుతురు వల్ల వచ్చేది ఉంది గానీ, అది అందరికీ వచ్చేంతే, చెప్పుకునేంత కాదు. అప్పట్లో మేమందరం ఎంత కదిలిందనే చూశాం. ఎంతసేపట్లో అని ఎవరం అడగలేదు. పెద్దసారు అడగలేదు, పత్రికవాళ్ళు అడగలేదు, నేనూ అడగలేదు.

వ్యాసం వెనక్కి తీసుకోవాలి. సభలో ఆయన గురించి చెప్పేది ఉండదని పెద్దసారు అన్నారు. ఆ సంగతి చెప్తూ మీకు ఇంకో కార్డు కూడా రావచ్చు. అంతకంటే ముందు నా నుంచి తెలియాలని రాస్తున్నాను.

మీ కోడలు

ఫిబ్రవరి 22

అమ్మాయికి,

చదివాను.

మా చేతే రాయించుకున్నావు. ఇద్దరు ముసలివాళ్ళని స్టూళ్ళ మీద కూర్చోబెట్టి, కొడుకు తప్పు చేశాడని వాళ్ళ నోటితోనే చెప్పించుకున్నావు. ఆవిడ నవ్విందని కూడా రాశాను, ఎంత వెర్రివాణ్ణి!

వాడు పోయి ఏడాది తిరగలేదు. ఎవరో రాలేదన్నారట, ఈవిడ రాలేదని తేల్చిందట. కాస్త ఆగి తేలిస్తే కొంపలు మునిగేవా? సభ అయ్యేదాకా పంపు చెడిపోయిందని చెప్తే ఎవరు చూడొచ్చారు? ఆ రోజు దహనం దగ్గర కూడా నీ కంట చుక్క నీళ్ళు లేవు. మీ అత్తయ్య అప్పుడే అంది, నేనే నోరు మూయించాను. ఇప్పుడు ఆవిడకి ఏం చెప్పను?

ఆ కుర్చీ నీకు బాగానే అలవాటైనట్టుంది.

మామయ్య

మార్చి 5

మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. కోపం రాలేదు. బాధ కలగాల్సిన చోట కూడా ఏదీ తగల్లేదు. మీరు ఎవర్నో తిడుతుంటే పక్క గదిలోంచి విన్నట్టుంది.

నేను ఏడవలేదన్నది నిజం. వస్తుందని ఎదురు చూశాను. ఆయన చొక్కాలు మడత పెట్టేటప్పుడు వస్తుందనుకున్నాను. మడత పెట్టి, బీరువా మూసి, లైటు ఆర్పి బయటికి వచ్చాను. ఇంటికొచ్చినవాళ్ళు నా మొహంలోకి చూసి మాట మార్చేసేవాళ్ళు. నాకేమైందో నాకే తెలియదు, మీకెలా చెప్పను?

పంపు చెడిపోయిందని చెప్పొచ్చు. కానీ ఆయన వ్యాసం నమ్మి ఇంకో ఇద్దరు పిల్లలు రెండేళ్ళ చదువు దాని మీద పెట్టుకున్నారు. మా బల్ల పక్కనే వాళ్ళ బల్ల. రోజూ "అక్కా, వచ్చిందా?" అని అడుగుతారు.

ఇప్పుడు మీతో తేల్చుకోవాల్సింది ఒకటుంది. వెనక్కి తీసుకునేటప్పుడు పత్రికలో నాలుగు వాక్యాల ప్రకటన వేస్తారు. వ్యాసం రాసినవాళ్ళందరూ ఒప్పుకున్నట్టు కింద పేర్లు ఉండాలి. పెద్దసారు రాసిన ప్రకటనలో "కొలతలు తీసుకున్నవారి పొరపాటు" అని ఉంది. కొలతలు తీసుకున్నది ఆయన ఒక్కరే కాబట్టి, చదివినవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు. నేను ఒప్పుకోలేదు. "మా అందరి పొరపాటు" అని రాస్తేనే సంతకం పెడతానన్నాను. రెండు వారాలు నాతో మాట్లాడలేదు గానీ, చివరికి మార్చారు.

మిగిలింది ఆయన పేరు. చనిపోయినవాళ్ళ పేరు పక్కన చుక్క గుర్తు పెట్టి, కింద "వీరు జీవించి లేరు, అభిప్రాయం తెలియదు" అని వేయడం అలవాటట. అలా వద్దనుకుంటే ఇంటివాళ్ళు ఆయన తరఫున సంతకం పెట్టొచ్చు. భార్యగా నేను పెడితే చాలంటున్నారు. మీరూ అత్తయ్యా కాదంటే నేను పెట్టను. కాగితం జతచేశాను. ఏదో ఒకటి రాయండి. తిడుతూ రాసినా పరవాలేదు.

మీ కోడలు

మార్చి 19

చిరంజీవి కోడలు పిల్లకి,

కాగితం పది రోజులు షాపు సొరుగులోనే పడేశాను. సొరుగు తీసినప్పుడల్లా కనపడుతుందని తీయడమే మానేశాను. చిల్లర కావాలంటే పక్క షాపుకి పరిగెత్తేవాణ్ణి.

మొన్న ఒకామెకి కళ్ళు పరీక్ష చేస్తున్నాను. లైటు వేసి "కనపడుతోందా?" అన్నాను. వేయగానే "ఆఁ" అంది. ఎంత మామూలు సంగతి! జీవితమంతా ఆ "ఆఁ" వింటూనే బతికాను. కిటికీ తీయగానే వెలుతురు నా కంటికి తెలిసేది, ముల్లుకి తెలిసేది కాదు. అయినా పక్కనే కూర్చుని నిదానం అని మురిసిపోయాను. ఆమెని పంపించేసి షట్టరు సగం దించి కూర్చున్నాను.

మా షాపు పద్ధతి నీకు తెలియదు. అద్దం నంబరు తప్పు పడిందనుకో, తిట్టుకోం, దాచుకోం. కవర్లో పెట్టి, దాన్ని ఎవరు అరగదీశారో వాళ్ళ పేరు కవరు మీద రాసి వెనక్కి తీసుకుంటాం. ఆ మనిషి సెలవులో ఉన్నా, పని మానేసి పోయినా అతని పేరే రాస్తాం. లేడు కదా అని ఖాళీ వదలం. ఎందుకంటే, తప్పుంటే వెనక్కి తీసుకుంటారన్న పేరు మీదే రేపు మళ్ళీ అద్దం అమ్ముతాం.

వాడి పేరు పక్కన చుక్కలూ గిక్కలూ వద్దు. అభిప్రాయం తెలియదట! తండ్రిని, నాకు తెలుసు. మొదట గింజుకుంటాడు, అన్నం మానేస్తాడు, తర్వాత వచ్చి "నాన్నా, తప్పు నాదే" అంటాడు. "ఒప్పుకున్నారు" అని రాయించు. వ్యాసంలో మొదటి పేరు వాడిదైతే ఇందులోనూ మొదటి పేరు వాడిదే ఉండాలి. సంతకం పెట్టి పంపుతున్నాను. కిందది నీది, నువ్వు పెట్టుకో.

కుర్చీ మాట నోరు జారింది. దాని ఎత్తు దించుకో. కాళ్ళు ఆనకపోతే నడుం పట్టేస్తుంది.

మీ అత్తయ్యకి మాత్రం చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. సభ వాయిదా పడిందన్నాను, నమ్మింది. కోటు బీరువాలోకి పోయింది. పొద్దున్నే ముల్లు ముందు కూర్చోవడం నా వల్ల కాక, షాపులో పనుందని వంక పెట్టి ముందే బయటపడుతున్నాను. సభకి నేను రాను. వాడి ఊసు లేని సభలో కూర్చోలేను. నువ్వూ ఆవిడకి ఒక్క ముక్క కూడా రాయకు, నీకు పుణ్యముంటుంది.

మీ మామయ్య

ఏప్రిల్ 12

మామయ్య గారికి నమస్కారాలు.

ముందుగా, కంగారు పడకండి. అత్తయ్య నా దగ్గరే ఉన్నారు. చెల్లెలింటికి వెళ్తున్నానని మీతో చెప్పారట. ఇప్పుడు నా మంచం మీద పడుకుని నిద్రపోతున్నారు. మీరు హోటల్ తిండి తినొద్దనీ, రక్తపోటు మాత్రలు మీ దిండు కిందే పెట్టాననీ రాయమన్నారు.

ఎలా తెలిసిందని అడిగాను. "ఆ మనిషి ముల్లు వైపు చూడటం మానేశాడు. ఇన్నేళ్ళు కాపురం చేశాను, అది చాలదూ?" అన్నారు. మీరు భోజనానికి వచ్చి కునుకు తీస్తుంటే తాళాలు తీసుకుని షాపుకి వెళ్ళి, సొరుగులో ఉత్తరాలన్నీ చదివేశారట. మీకు చెప్తే బాధపడతారని మీకు చెప్పలేదట. మీరిద్దరూ ఒకరి నుంచి ఒకరు ఎంత బాగా దాచుకున్నారో! నేను కోడల్ని కాబట్టి ఇంతకంటే అనను.

సభలో ఏం జరిగిందో మీకు నేనే చెప్పాలి. ప్రకటన పత్రికలో వచ్చేసింది గానీ, అందరి ముందూ కూడా చదవాలని పెద్దసారు అన్నారు. ఆయన చదువుతారనుకున్నాను. మైకు నా వైపు జరిపారు. కాగితం తీశాను. హాల్లో ఏసీ ఎక్కువగా ఉంది, ముందు వరసలో ఎవరో శాలువా సర్దుకుంటున్నారు, అవన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాలుగు వాక్యాలూ ఎక్కడా ఆగకుండా చదివాను. గాలిలో కొలిచాం, శూన్యంలో కొలవాల్సింది, మా అందరి పొరపాటు. "ఇందుకు ఒప్పుకున్నవారు" అన్నాను.

తర్వాతిది ఆయన పేరు.

రాలేదు మామయ్యా. నోరు తెరిచాను, పేరు రాలేదు. పెళ్ళయ్యాక ఆయన్ని పేరు పెట్టి పిలవని రోజు లేదు, మీరే తిట్టేవారు. ఆ పేరు పలికి ఎనిమిది నెలలైందని అక్కడ నిలబడ్డాక తెలిసింది. ఇన్నాళ్ళూ "ఆయన" అనీ "మీ అబ్బాయి" అనీ నెట్టుకొచ్చాను. కాగితం మీద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి, అంతలోనే కనిపించకుండా పోయాయి. ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. మైకులో వినిపిస్తే తెలిసింది. హాలంతా వినిపించింది. సిగ్గు కూడా వేయలేదు. ఆపడం చేతకాలేదు. పెద్దసారు లేచి మైకు అందుకోబోయారు.

అప్పుడు వెనక వరసలోంచి ఎవరో ఆ పేరు అన్నారు. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా, బడిలో చేర్పించేటప్పుడు రాయించినట్టు. అందరూ వెనక్కి తిరిగారు. అత్తయ్య నిలబడి ఉన్నారు. చేతిలో ప్రయాణం సంచి ఇంకా అలాగే ఉంది. వినపడలేదేమోనని మళ్ళీ ఒకసారి అన్నారు, ఇంకా గట్టిగా.

ఆ పేరు తర్వాత ఉన్నది నాది. చదివాను.

మీ కోడలు